మనవల తరంలో బయటపడే సంగతి

మా పక్కింటి పిన్నిగారికి పెరటి మొక్కలంటే ప్రాణం. రెండేళ్ల కిందట ఆవిడ బజారులో హైబ్రిడ్ బెండ విత్తనాలు కొని వేశారు. చెట్లు ఏపుగా లేచి, విరగ కాశాయి. వీధి వీధంతా పంచిపెట్టారు. "ఇంత మంచి విత్తనం చేతిలో ఉండగా మళ్లీ కొనడం ఎందుకూ?" అని నాలుగు కాయలు ముదరనిచ్చి గింజలు దాచుకున్నారు. మరుసటి ఏడు అవే వేశారు. ఈసారి ఒక చెట్టు పొడుగు, ఒకటి పొట్టి. ఒకదాని కాయ లేత, మరొకదాని కాయ పీచు. కాపు కూడా అంతంత మాత్రమే. "తల్లి బంగారమై పిల్లలు ఇత్తడి కావడమేమిటమ్మా? నువ్వు కాలేజీలో పాఠాలు చెబుతావుగా, చెప్పు" అని నన్ను నిలదీశారు.

నేను చెప్పేది జంతుశాస్త్రం. అయినా ఆవిడ ప్రశ్నకు జవాబు కష్టమేమీ కాదు. వేరు వేరు రకాలను సంకరం చేస్తే మొదటి తరానికి ఒక అదనపు బలం వస్తుంది. ఆ బిడ్డల బిడ్డల్లో తాత ముత్తాతల గుణాలు మళ్లీ కలగాపులగమవుతాయి, ఆ అదనపు బలం జారిపోతుంది. అందుకే హైబ్రిడ్ విత్తనం ఏటా కొనుక్కోవలసిందే. ఇది రైతు కుటుంబాల్లో ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే.

అయితే నేను ఈవేళ మీతో చెప్పదలచినది ఇంతకంటే విచిత్రమైన కథ. కొన్ని ప్రాణుల్లో ఆ అదనపు బలం పోవడంతో కథ ఆగదు. మనవల తరం వచ్చేసరికి అటు తండ్రి వంశం కన్నా, ఇటు తల్లి వంశం కన్నా కూడా బలహీనమైపోతుంది. అలా ఎందుకవుతుందో వెతుకుతూ పోయిన శాస్త్రజ్ఞులకు, ఒక జాతి రెండు జాతులుగా చీలిపోవడం ఎలా మొదలవుతుందో కళ్లెదుట కనిపించింది. ఇదంతా చూపించినది ఒక మిల్లీమీటరు పొడవుండే ప్రాణి. దాని పేరు టైగ్రియోపస్ కాలిఫోర్నికస్.

పేరు చూసి బెదిరిపోకండి. దీని బంధువు మన పెద్దవాళ్లకు బాగా ఎరుకే. ఒకప్పుడు దిగుడుబావుల నీళ్లు తాగిన వాళ్లకు నారికురుపు లేచేది, గుర్తుందా? బిందె మూతికి గుడ్డ కట్టి నీళ్లు వడగట్టండి అని ఊరూరా చెప్పేవారు. ఆ గుడ్డ మీద ఆగిపోయే చుక్కంత జీవి పేరు సైక్లాప్స్. నారికురుపు పురుగు పిల్ల దాని కడుపులో ఉండి మన కడుపులోకి చేరేది. మన దేశంలో ఆ జబ్బు ఆఖరుసారి కనిపించింది 1996లో. 2000లో దేశం దాని నుంచి విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరిచింది. ఆ సైక్లాప్సూ, ఈ టైగ్రియోపసూ ఒకే తరగతికి చెందినవి. వాటిని కోపిపాడ్లు అంటారు. రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టాలు. ఇద్దరికీ నడినెత్తిన ఒకటే కన్ను. టైగ్రియోపస్ మాత్రం ఏ జబ్బూ మోసుకురాదు. ఎవరి జోలికీ పోదు.

ఇది ఉండేది అమెరికా పడమటి తీరంలో. దక్షిణాన మెక్సికోకు చెందిన బహా కాలిఫోర్నియా నుంచి ఉత్తరాన అలాస్కా దాకా, సముద్రపు ఒడ్డున రాతి గుట్టలుంటాయి. పెద్ద అలలు విసిరికొట్టినప్పుడు ఆ రాళ్ల గుంటల్లో ఉప్పునీరు నిలుస్తుంది. ఆ గుంటలే వీటి ఊళ్లు. ఎండ కాస్తే నీళ్లు ఇగిరి ఉప్పు చిక్కబడుతుంది, వాన పడితే చప్పబడుతుంది. చేపలు అక్కడ బతకలేవు. ఇవి మాత్రం అన్నిటికీ తట్టుకుంటాయి. నారింజ రంగు చుక్కలు నీళ్లలో గెంతుతున్నట్టు కనిపిస్తాయట.

వీటి సంసారం కూడా వినతగినదే. ఆడది ఇంకా ఎదగకముందే మగది వచ్చి దాన్ని ముందరి మీసాలతో పట్టుకుంటుంది. అది ఆఖరి కుబుసం విడిచి పెద్దదయ్యే దాకా, ఒక్కోసారి కొన్ని రోజులు, అలా వదలకుండా కాపలా కాస్తుంది. ఆడది జన్మలో ఒక్కసారే జత కడుతుంది. ఆ ఒక్క కలయికతోనే మళ్లీ మళ్లీ గుడ్లు పెడుతుంది. గుడ్లను ఒక సంచిలో తోకవైపు మోస్తూ తిరుగుతుంది. పుట్టిన పిల్ల మూడు నాలుగు వారాల్లో తల్లి కాగలదు. శాస్త్రజ్ఞులకు ఇది ఎంత సదుపాయమో చూడండి. మగదాని పట్టులో ఉన్న ఆడదాన్ని సన్నని సూదితో విడదీసి, తాము కోరిన మగదానితో జత చేయవచ్చు. మన జీవితంలో మూడు తరాలు చూడాలంటే అరవై డెబ్భై ఏళ్లు పడుతుంది. వీటిలో మూడు నెలలు చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒకే గుట్ట మీది గుంటల మధ్య ఇవి అలల వెంట అటూ ఇటూ పోతూ ఉంటాయి. గుట్టకూ గుట్టకూ నడుమ మైళ్ల కొద్దీ ఇసుక తీరముంటే ఆ రాకపోకలు దాదాపు లేనట్టే. నడిసముద్రంలో పడితే ఇంత చిన్నవాటిని మింగేవి ఎన్నో. కనుక ఒక్కొక్క గుట్ట ఒక్కొక్క ద్వీపమైంది. శాన్ డియాగోలో ఉన్న స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థకు చెందిన రోనాల్డ్ బర్టన్ 1980ల నుంచి వీటి మీద పనిచేశారు. కంటికి అన్నీ ఒకేలా కనిపించినా, గుట్ట మారితే లోపలి జన్యువులు మారిపోతున్నాయని తేలింది. కొన్ని గుంపుల నడుమ మైటోకాండ్రియా జన్యువుల తేడా నూటికి ఇరవై దాకా ఉంది. కేంద్రకంలోని జన్యువుల తేడా అంతకన్నా చాలా తక్కువ. మైటోకాండ్రియా అంటే ఏమిటో కాస్సేపట్లో చెబుతాను.

దూరం గుట్టల వాటిని ఒకే గాజుపాత్రలో ఉంచితే ఏమవుతుంది? శాన్ డియాగో ఆడదాన్నీ, అక్కడికి ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న శాంటా క్రూజ్ మగదాన్నీ కలిపారనుకోండి. అవి ఏ తగువూ లేకుండా జత కడతాయి. పిల్లలు పుడతాయి. ఆ పిల్లలు చాలాసార్లు తల్లిదండ్రులకు తీసిపోవు, ఒక్కొక్కప్పుడు మించిపోతాయి కూడా. ఇక్కడితో పరీక్ష ఆపితే ఏమనుకుంటాం? "ఇవన్నీ ఒకటే జాతి, తేడా ఏమీ లేదు" అనుకుంటాం.

బర్టన్ అక్కడ ఆపలేదు. ఆ పిల్లలను వాటిలో వాటికే జత చేసి మనవలను పుట్టించారు. 1990లో ఆయన ప్రచురించిన ఫలితం ఏమిటంటే, మనవల తరం ఎదగడానికి ఎక్కువ రోజులు తీసుకుంటోంది. లాస్ ఏంజిలస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సుజాన్ ఎడ్మండ్స్ అనే ఆవిడ తీరం పొడవునా ఎన్నో గుంపుల జతలు కలిపి, 1999లో తన లెక్కలు ప్రకటించారు. మొదటి తరంలో లాభం, రెండవ తరంలో నష్టం అన్న తీరు అందులోనూ కనిపించింది. పుట్టేవి తక్కువ, బతికేవి తక్కువ, ఎదుగుదల నెమ్మది. గుంటల్లో ఉప్పు మారినప్పుడు తట్టుకునే శక్తి కూడా సంకరాల్లో తగ్గుతున్నదని పరిశోధనల్లో తెలిసింది.

పిల్లలకు లేని లోపం మనవలకు ఎక్కడి నుంచి వచ్చింది? దీన్ని అర్థం చేసుకోవడానికి మన వంటింట్లోకి రండి.

ప్రతి జీవకణంలోనూ మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలుంటాయి. మనం తిన్న అన్నాన్ని శక్తిగా మార్చేవి అవే. వీటికి రెండు విశేషాలు ఉన్నాయి. ఒకటి, సాధారణంగా ఇవి తల్లి నుంచే బిడ్డకు వస్తాయి, తండ్రి వాటా ఉండదు. రెండవది, వీటికి స్వంతంగా కొద్దిపాటి జన్యువులు ఉన్నాయి. మనుషుల్లో అయినా, ఈ కోపిపాడ్‌లో అయినా అవి 37. పొయ్యి నడవడానికి కావలసిన మిగతా వందల భాగాలకు సూచనలు కణం మధ్యనున్న కేంద్రకం నుంచి రావాలి. కేంద్రకంలోని జన్యువులు తల్లివి సగం, తండ్రివి సగం. అంటే ఒకే యంత్రంలో కొన్ని భాగాలు తల్లి పుట్టింటి నుంచి, కొన్ని ఇద్దరి వైపుల నుంచీ వచ్చి అమరాలన్నమాట.

రుబ్బురోలు ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది ఇట్టే బోధపడుతుంది. కొత్తగా కొన్నప్పుడు రోలూ పొత్రమూ ఏదో ఒక మాదిరిగా ఉంటాయి. ఏళ్ల తరబడి రుబ్బగా రుబ్బగా రోలు ఒక తీరున అరుగుతుంది, పొత్రం దానికి తగ్గట్టు అరుగుతుంది. ఒకదానికొకటి కుదురుకుంటాయి. పక్కింట్లోనూ అంతే. ఎవరింట్లో వారికి పిండి మెత్తగా నలుగుతుంది. మన పొత్రం తీసుకుపోయి వాళ్ల రోట్లో వేస్తే? ఒక పక్క తగులుతుంది, ఒక పక్క తగలదు. పప్పు పలుకు పలుకుగా ఉండిపోతుంది. మన పొత్రమూ మంచిదే, వాళ్ల రోలూ మంచిదే. కుదరనిది వాటి జత.

ఈ ప్రాణుల్లో మైటోకాండ్రియా జన్యువులు త్వరత్వరగా మారతాయి. ఆ మార్పులకు తగ్గట్టు అదే గుట్ట మీది కేంద్రక జన్యువులు సర్దుకుంటాయి. శాన్ డియాగో రోలుకు శాన్ డియాగో పొత్రం, శాంటా క్రూజ్ రోలుకు శాంటా క్రూజ్ పొత్రం.

ఇప్పుడు పెళ్లి జరిగింది. పిల్లకు రోలు తల్లిది. పొత్రాలు రెండు, తల్లి వైపుది ఒకటి, తండ్రి వైపుది ఒకటి. తల్లి పొత్రం రోట్లో సరిగ్గా కూర్చుంటుంది, పని జరిగిపోతుంది. పైగా కేంద్రకంలో ఒక వైపు జన్యువులో ఏదైనా లోపముంటే రెండో వైపుది కప్పేస్తుంది. ఆ పిల్ల బలంగా ఉండటంలో వింత లేదు.

మనవల దగ్గరే చిక్కు. ఆ పిల్లలు ఒకదానితో ఒకటి జత కట్టినప్పుడు, ఒక్కొక్క జన్యువు విషయంలో మనవల్లో సుమారు నాలుగో వంతుకు రెండు పొత్రాలూ తాతగారి వైపువే వస్తాయి. రోలు మాత్రం అమ్మమ్మదే. ఒక్క చోటైతే ఎలాగో నెట్టుకురావచ్చు. కానీ కుదరవలసిన జన్యువులు ఎన్నో. ఏదో ఒక చోట పొసగకపోయే మనవలే ఎక్కువ. పొయ్యి సరిగా మండదు, ఒంట్లో శక్తి తయారు కాదు, ఎదుగుదల మందగిస్తుంది. 2006లో క్రిస్టఫర్ ఎల్లిసన్, బర్టన్ కలిసి ఈ సంకరాల్లో మైటోకాండ్రియా పని దెబ్బతింటున్నదని కొలిచి చూపించారు.

కొలిచినంత మాత్రాన అదే కారణమని ఎలా చెప్పగలం? వాళ్లిద్దరూ 2008లో చక్కని పరీక్ష ఒకటి పెట్టారు. కుంగిపోయిన సంకర సంతతిని తీసుకున్నారు. కొన్నింటిని వాటి తల్లి వంశపు మూల గుంపుతో, కొన్నింటిని తండ్రి వంశపు మూల గుంపుతో జత చేశారు. రెండింటిలోనూ కొత్త రక్తం వచ్చినట్టే గదా. కేవలం కొత్త రక్తమే మందు అయితే రెండూ కోలుకోవాలి. కానీ కోలుకున్నవి తల్లి వంశంతో కలిసినవే. అమ్మమ్మ రోలుకు అమ్మమ్మ ఇంటి పొత్రం తిరిగి దొరికింది. తండ్రి వంశంతో కలిసినవి అలా కోలుకోలేదు. 2020లో టిమొతీ హీలీ, బర్టన్ మరో దారిన ఇదే చూశారు. మనవల్లో తొందరగా ఎదిగిన వాటిని, నెమ్మదిగా ఎదిగిన వాటిని వేరు చేసి జన్యువులు చదివితే, తొందరగా ఎదిగిన వాటిలో మైటోకాండ్రియాకు సరిపడే కేంద్రక జన్యువులు ఎక్కువగా ఉన్నాయి.

ఇక ఇందులో జాతుల పుట్టుక ఎక్కడుంది అంటారా? ఒకదానితో ఒకటి కలిసి ఫలవంతమైన సంతానం కనేవి ఒక జాతి అని మేము పాఠం చెబుతాం. ఆ లెక్కన ఈ గుంపులన్నీ ఒకటే. కానీ మనవల తరంలో దెబ్బ తింటున్నప్పుడు పూర్తిగా ఒకటే అనడమెలా? బహా కాలిఫోర్నియా గుంపుల్లో కొన్నింటి మధ్య అసలు సంతానమే సరిగా కలగడం లేదని 1995లో ప్రకటించారు. అంటే ఒకే తీరం మీద ఈ చీలిక రకరకాల మెట్ల మీద కనిపిస్తోంది. ఒక చోట ఏ ఇబ్బందీ లేదు, ఒక చోట మనవలకు ఇబ్బంది, మరొక చోట మొదట్లోనే ఇబ్బంది. జాతికీ జాతికీ మధ్య గోడ ఎవరో ఒక్కనాడు లేపింది కాదు. ఏ గుంపూ రెండో గుంపును కాదనుకోలేదు. ఎవరి ఇంట్లో వాళ్లు తమ రోలూ పొత్రమూ కుదుర్చుకుంటూ పోయారు. అదే చివరకు ఎడమైంది. ఈ ఆలోచనను 1909లో బేట్సన్, 1930ల నుంచి డోబ్జాన్‌స్కీ, ముల్లర్ అనే శాస్త్రజ్ఞులు చెప్పారు. అప్పుడు అది తర్కం. ఈ గుంటల్లో అది కంటికి ఆనింది.

ఈ చీలిక ఇక ఎన్నటికీ అతకదా? ఎడ్మండ్స్ బృందం రెండు గుంపులను కలిపి తరాల తరబడి అలాగే వదిలేసి చూసింది. 2011లో వచ్చిన ఫలితం ఆశ కలిగించేదే. తొలి తరాల్లో కుంగిన సంకరాలు, తర్వాతి తరాల్లో కోలుకుని మూల గుంపులను కూడా మించిపోయాయి. పొసగని జతలు రాలిపోయి, పొసిగినవి నిలిచాయన్నమాట. కానీ ఇంకా దూరమైన గుంపులను కలిపిన మరో పరీక్షలో, 2012లో, కథ అలా సుఖాంతం కాలేదు. ఇబ్బందులు అలాగే ఉండిపోయి, బలమైన గుంపు రెండోదాన్ని తనలో కలిపేసుకుంది. కొంత దూరం దాకా కలయిక మేలు, ఆపైన అదే చేటు.

ఒక మిల్లీమీటరు ప్రాణి గొడవ మనకెందుకని మీరనవచ్చు. అంతరించిపోతున్న జంతువులను కాపాడేవారికి ఇది నిత్య సమస్య. ఒక చోట మిగిలిన కొద్దిపాటి జంతువులు తమలో తామే జత కట్టి బలహీనమైపోతే, మరొక చోటి నుంచి తెచ్చి కలపాలా వద్దా? అమెరికాలోని ఫ్లారిడాలో ప్యూమాలు 20, 30కి పడిపోయినప్పుడు, 1995లో టెక్సస్ నుంచి 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదిలారు. అవి కోలుకున్నాయి. అక్కడ కలపడమే ప్రాణం పోసింది. అయితే కలిపిన వాళ్లు మొదటి తరం పిల్లలను చూసి మురిసిపోయి ఊరుకోకూడదు, మనవలు పుట్టేదాకా చూడాలి అని ఈ చిన్ని ప్రాణి చెబుతోంది.

ఇదంతా చెప్పాక పిన్నిగారు కాసేపు ఆలోచించారు. ఆవిడ మేనకోడలు వేరే కులం అబ్బాయిని చేసుకుంటానంటోంది. ఇంట్లో రోజూ రభస. "అయితే పెద్దవాళ్లు చెప్పిందే నిజమన్నమాట. కలిపితే మనవల తరానికి చెడుతుందని నీ శాస్త్రమూ అంటోందిగా?" అన్నారు.

నాకు గుండె గుభేలుమంది. నేను చెప్పిన పాఠం ఒక ఆడపిల్ల మెడకు ఉరి కాకూడదు గదా. అందుకే ఈ మాట మీ అందరికీ గట్టిగా చెబుతున్నాను.

"పిన్నిగారూ, లెక్క చూద్దాం రండి" అన్నాను. మనుషుల మైటోకాండ్రియాలో 16,569 అక్షరాలున్నాయి. భూమి ఆ చివరి మనిషినీ ఈ చివరి మనిషినీ పోల్చినా తేడా నూటికి ఒక్కటి ఉండదు. ఆ కోపిపాడ్లలో నూటికి ఇరవై. మనుషులంతా ఒకే గుట్ట మీది గుంటల వంటివాళ్లం. అలలు మనల్ని ఎప్పుడూ కలుపుతూనే ఉన్నాయి. ఇక మన కులాల సంగతి. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కలిసి 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశపు జనం విరివిగా కలిసిపోయారనీ, ఆ తర్వాతే ఎవరికి వారు గిరిగీసుకున్నారనీ అందులో తేలింది. పై కులం, కింది కులం అని లేకుండా దాదాపు అందరిలోనూ ఆ కలయిక గుర్తులున్నాయి. అప్పటి మనవలకు మనవలమే మనం. చెడిపోలేదు గదా? పైగా 2017లో వచ్చిన మరో పరిశోధన, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే చిన్న సమూహాల్లో కొన్ని వంశపారంపర్య జబ్బుల ముప్పు పేరుకుంటోందని హెచ్చరించింది. మనుషుల విషయంలో భయపడవలసినది కలయికకు కాదు.

పిన్నిగారు వెంటనే ఒప్పుకున్నారని అబద్ధం చెప్పను. "ఆ లెక్క మా అన్నయ్యతో నువ్వే చెప్పు" అన్నారు. ఆదివారం వెళ్లి చెప్పాను. ఆయన విని, "ఆలోచిస్తాం" అన్నారు. అంతకు ముందు వరకూ ఆ ఇంట్లో ఆ మాట కూడా లేదు.

శాస్త్రం ఒక ప్రాణి గురించి చెప్పిన మాటను ఇంకొక ప్రాణికి అంటగట్టేముందు, ఆ రెండింటి మధ్య కొలతలు ఒక్కటేనా అని అడగండి. అడిగేందుకు డిగ్రీలు అక్కర్లేదు. శేరుకూ సోలకూ తేడా తెలిసిన ఇల్లాలికి ఆ పాటి ప్రశ్న చేతకాకపోదు.